ఏడేళ్ల బాబుకి ట్యాబ్ కొంటున్నాం. ఇంటర్నెట్‌లో వాడు సేఫ్‌గా ఉండాలంటే ఏ యాప్ వేసుకోవాలి?

యాప్ పేరు అడిగారు కాబట్టి ముందు అది చెప్పేస్తాను. ఆండ్రాయిడ్ ట్యాబ్ అయితే గూగుల్ ఫ్యామిలీ లింక్ పెట్టండి. బాబు పేరు మీద పిల్లల అకౌంట్ తెరిస్తే, వాడు ఏ యాప్ దించుకోబోయినా మీ ఫోన్‌కి వచ్చి అడుగుతుంది. రాత్రి ఎన్నింటికి ట్యాబ్ ఆగిపోవాలో మీరే పెట్టొచ్చు. మామూలు యూట్యూబ్ బదులు యూట్యూబ్ కిడ్స్ ఇవ్వండి. మీరు ఎంచిన వీడియోలే కనపడేలా అందులో ఒక సెట్టింగ్ ఉంది, అది పెడితే వాడు సొంతంగా వెతకడం కూడా కుదరదు. ఇదంతా ఒక పూట పని, తప్పకుండా చేయండి.

కానీ ఇవి పెట్టేసి "హమ్మయ్య" అనుకునే తల్లిదండ్రులను చూస్తే నాకు భయం వేస్తుంది. ఎందుకంటే మా ఇంట్లో ఇవన్నీ ఉండగానే జరిగింది.

మాది తెనాలి. ఇద్దరం ఉద్యోగాలకి వెళ్తాం, పాపని మా అమ్మ చూసుకుంటుంది. అప్పుడు పాపకి ఎనిమిదేళ్లు. వేసవి సెలవుల్లో మా ఆడపడుచు పిల్లలు వచ్చి దానికి ఒక ఆట నేర్పారు. ఇళ్లు కట్టుకోవడం, కుక్కపిల్లల్ని పెంచుకోవడం, అంతే. తుపాకులు లేవు, రక్తం లేదు. ఆ ఆట లోపల తోటి ఆటగాళ్లతో మాట్లాడుకునే చాట్ ఒకటి ఉంటుంది. ఫ్యామిలీ లింక్‌లో ఆట పేరు కనిపిస్తుంది, ఎంతసేపు ఆడిందో కనిపిస్తుంది, ఆ చాట్‌లో ఎవరు ఏం రాశారో కనిపించదు.

కుందేలు బొమ్మ పెట్టుకున్న ఒకరు పాపకి ఉత్తి పుణ్యానికి బహుమతులు ఇవ్వడం మొదలుపెట్టారు. బంగారు కంచె, రెక్కల గుర్రం. తర్వాత ప్రశ్నలు. మీ అమ్మ ఎన్నింటికి వెళ్తుంది? ఇంట్లో ఎవరుంటారు? ఆ తర్వాత, "ఫొటో పంపు, ఇది మనిద్దరి సీక్రెట్, మమ్మీకి చెప్తే బహుమతులు వెనక్కి తీసేసుకుంటా."

పాప నాకు చెప్పలేదు, వాళ్ల నాన్నకీ చెప్పలేదు. మధ్యాహ్నం మా అమ్మ వసారాలో కూర్చుని గోంగూర ఒలుస్తుంటే పక్కన చేరి, "అమ్మమ్మా, ఫ్రెండ్ సీక్రెట్ చెప్తే దాచాలా?" అని అడిగిందట. మా అమ్మ ఉలిక్కిపడలేదు. చేతిలో పని ఆపలేదు. "మంచి సీక్రెట్ అయితే దాచుకో తల్లీ, కడుపులో గుబులుగా ఉంటే నాకు చెప్పు" అంది. అది వెళ్లి ట్యాబ్ తెచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి ఉంది, మా అమ్మకి చదవడం రాదు. మనవరాలి చేతే ఒక్కో ముక్కా చదివించుకుని, "మంచి పని చేశావు నాతో చెప్పి" అని దగ్గరకు తీసుకుని, అప్పుడు నాకు ఫోన్ చేసింది.

సాయంత్రం మావారు ట్యాబ్ పగలగొడతానని లేచారు. కోపం కన్నా భయమే ఎక్కువ, అది నాకు తెలుసు. నేను, మా అమ్మ ఇద్దరం అడ్డుపడ్డాం. చెప్పినందుకు ట్యాబ్ పోయిందని పాప బుర్రలో పడితే రెండోసారి చెప్పదు. "ఇంకోసారి ముట్టుకున్నావంటే కాళ్లు విరగ్గొడతా" అనే ఇంట్లో పిల్లలు ఫోన్ మానరు, చెప్పడం మానేస్తారు. ఆ కుందేలు బొమ్మ మనిషికి కావలసిందీ అదే. నన్నడిగితే, తిట్టని పెద్దమనిషి ఒకరు ఇంట్లో ఉండటం ఏ యాప్ కన్నా గట్టి కాపలా. అందుకే ఇంట్లో తాతలూ అమ్మమ్మలూ ఉన్న పిల్లలు ఇలాంటి గండాల నుంచి తేలిగ్గా బయటపడతారని నా గట్టి నమ్మకం.

తర్వాత ఏం చేశామో కూడా రాస్తాను, మీకు పనికొస్తుంది. ముందే బ్లాక్ చేయలేదు, మెసేజ్‌లు చెరపలేదు. ఆ మనిషి పెట్టుకున్న పేరు, ఐడీ, తేదీ కనపడేలా అన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీసి, ఆటలోనే రిపోర్ట్ కొట్టి, ఆ తర్వాత బ్లాక్ చేశాం. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కంప్లయింట్ పెట్టాం. పిల్లలు, ఆడవాళ్లపై జరిగే నేరాలకు అందులో విడిగా చోటుంది. "చాటింగే కదా, ఏం నేరం" అన్నవాళ్లున్నారు మా చుట్టాల్లో. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం 11వ సెక్షన్ ప్రకారం, లైంగిక ఉద్దేశంతో పిల్లల్ని డిజిటల్ దారుల్లో పదేపదే పలకరించడం కూడా నేరమే. ముట్టుకుంటేనే నేరం అనుకోవడం మానాలి మనవాళ్లు.

ఇక ఆట సెట్టింగుల్లోకి వెళ్లి చాట్ మూసేశాం. మీరు కూడా యాప్ ఒప్పుకునే ముందు ఆ ఆటలో చాట్ ఉందా, మూసే వీలుందా అని మీరే తెరిచి చూడండి. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్లలోపు వాళ్లకి సోషల్ మీడియా అకౌంట్లు లేకుండా చేశారు, మన దగ్గర కూడా అలా చేయాలని చాలామంది అంటున్నారు. అక్కడ కూడా ముఖ్యంగా ఆటల కోసమే ఉన్న యాప్‌లను అందులో చేర్చలేదు. ఏడెనిమిదేళ్ల పిల్లలు ఉండేదేమో ఆ ఆటల్లోనే!

మరొకటి కూడా చెప్పాలి, ఇది స్కూళ్ల గురించి. పిల్లల్ని ఫోన్‌కి దూరంగా ఉంచమని మీటింగుల్లో క్లాసు పీకుతారు, హోంవర్క్ మాత్రం వాట్సాప్‌లో పడేస్తారు. వాట్సాప్‌లో సొంతంగా అకౌంట్ తెరవాలంటే కనీసం 13 ఏళ్లు ఉండాలని ఆ యాప్ నిబంధన. బహుమతి వచ్చిన పిల్లల ఫొటో యూనిఫాంతో, పేరుతో, సెక్షన్‌తో సహా ఫేస్‌బుక్‌లో పెట్టేస్తారు. మన డేటా రక్షణ చట్టం, 2023లో వచ్చింది, 18 ఏళ్లలోపు వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది. దాని రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, పూర్తిగా అమలవడానికి ఇంకా గడువుంది. నేను ఆగలేదు. పాప ఫొటో ఎక్కడా పెట్టొద్దని స్కూలుకి కాగితం రాసిచ్చాను. చుట్టాలకైతే నోటితోనే చెప్పాను, ఇద్దరు అలిగారు. అలగనీండి.

మీ బాబుకి ట్యాబ్ ఇచ్చే రోజున హాల్లో అందరి ముందూ ఇవ్వండి. గదిలో తలుపేసుకుని చూడకూడదని ఆ రోజే చెప్పండి. మీ ఊరు, స్కూలు, ఫొటో ఎవరడిగినా "మా అమ్మనడుగుతా" అనాలని ఆటలాగా నాలుగుసార్లు అనిపించండి. ఏం చూసినా, ఎవరేమన్నా, చెప్తే "మేం తిట్టం" అని మాటివ్వండి, ఆ మాట మీ ఆయనతో కూడా ఇప్పించండి. ట్యాబ్‌కి మీ కార్డు, యూపీఐ ఏదీ తగిలించకండి. డబ్బు పోతే వెంటనే చేయాల్సిన నంబర్ 1930. పిల్లలకి ఆపద అయితే 1098, దానికి పిల్లలే సొంతంగా చేయొచ్చు, రాత్రయినా ఎత్తుతారు. రెండూ మీ అమ్మగారి ఫోన్లో కూడా సేవ్ చేసి పెట్టండి.