జ్ఞాపకార్థ కిటికీని సబ్బునీళ్లతో కడగవచ్చా?

మీ అమ్మమ్మగారి జ్ఞాపకార్థం చర్చిలో పెట్టించిన రంగుటద్దాల కిటికీ నల్లబడిందని, మధ్యలో కాస్త ఉబ్బిందని, వర్ధంతిలోగా సబ్బునీళ్లతో కడిగించవచ్చా అని అడిగారు. దయచేసి కడిగించకండి.

కొన్నేళ్ల క్రితం మా చర్చిలో అలాంటి కిటికీని శుభ్రం చేయడానికి పూనుకున్నవారిలో నేనూ ఉన్నాను. యేసును మంచి కాపరిగా చూపే బొమ్మ, కింద ‘దేవుని మహిమార్థం, ప్రియ జ్ఞాపకార్థం’ అంటూ ఒక తల్లి పేరు. కాపరి భుజం మీది గొర్రెపిల్ల ముఖాన్ని తడిగుడ్డతో రెండుసార్లు తుడిచాను. గుడ్డకు గోధుమరంగు అంటింది. మురికి వదులుతోందనే అనుకున్నాను. మూడోసారి తుడిచి చూస్తే గొర్రెపిల్లకు కన్ను లేదు. ఆ తల్లి కూతురు అక్కడే నిలబడి ఉన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు, గుడ్డ మాత్రం అడిగి తీసుకున్నారు.

ఎందుకలా జరిగిందో తర్వాత మరమ్మతుకు వచ్చిన నిపుణుడు చెబితే తెలిసింది. నీలం, ఎరుపు వంటి రంగులు గాజులోనే ఉంటాయి. గాజు కరిగించేటప్పుడే కోబాల్టు, రాగి వంటి లోహాలు కలుపుతారు. ముఖాలు, బట్టల ముడతలు, పేర్లు అలా కాదు. గాజుపొడి, లోహపు ఆక్సైడు కలిపిన రంగుతో కుంచెపట్టి గీసి, సుమారు 650 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుస్తారు. బాగా కాలితే వందల ఏళ్లు నిలుస్తుంది. సరిగా కాలకపోయినా, 19వ శతాబ్దపు రెండో సగంలో కొందరు చేసినట్టు అందులో బొరాక్స్ (వెలిగారం) కలిపినా, చెమ్మకే పొడిలా రాలుతుంది. పైగా ఆ గీతలు ఎక్కువగా లోపలి వైపు, మన చేతికి అందే వైపే ఉంటాయి. కాపరి తలచుట్టూ ఉన్న పసుపు వలయం మాత్రం చెక్కుచెదరలేదు. అది బయటి వైపు వెండి లవణం పూసి కాల్చిన రంగు, గాజులోకి ఇంకిపోయి ఉంటుంది.

ఇక ఉబ్బు సంగతి. గాజుముక్కలను పట్టి ఉంచే సీసపు పట్టీలు మెత్తనివి, ఎండకూ బరువుకూ ఏళ్ల తరబడి సాగుతాయి. వెనక్కి నెట్టి సరిచేయాలని చూస్తే గాజు పగులుతుంది. కిటికీని అడ్డ కడ్డీలకు కట్టిన రాగి తీగలు తెగాయేమో చూడండి, ఉబ్బుకు చాలాసార్లు కారణం అదే. పట్టీల మీద తెల్లటి పొడి కనబడితే ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు, సీసం విషం. బయట రక్షణగా ప్లాస్టిక్ రేకు బిగించి ఉంటే గాలి ఆడే సందు ఉందో లేదో గమనించండి. సందు లేకపోతే లోపల చెమ్మ నిలిచి రంగును తినేస్తుంది.

వర్ధంతిలోగా మీరు చేయదగినది ఒక్కటే, ఫొటోలు తీయడం. పగటి వెలుగులో ఒకసారి, లోపలి నుంచి టార్చిని ఏటవాలుగా పట్టి మరోసారి. రంగు పొరలు లేస్తుంటే ఆ వెలుగులో తెలిసిపోతుంది. అవి చూపించి, పాత రంగుటద్దాల మరమ్మతు తెలిసినవారిని పిలిపించమని సంఘ పెద్దలను అడగండి. ఇప్పటికే పేరులో అక్షరాలు పోయి ఉంటే పాత గాజు మీద దిద్దించవద్దు. వెనుక పలుచటి గాజు అమర్చి, పోయిన గీతలను దాని మీద గీసే పద్ధతి ఉంది. మా గొర్రెపిల్లకు కన్ను అలాగే వచ్చింది. ఆ కన్ను ఎలా ఉండేదో తెలిసింది మాత్రం ఎవరిదో పాత పెళ్లి ఫొటోలోనే. మీ బంధువుల పెళ్లి ఆల్బములు కూడా వెతికించండి.