కువైట్‌లో ఉన్నామె ఓటు ఇంకొకరు వేస్తే?

(పంచాయతీ ఎన్నికల మీద పాఠకుల ప్రశ్నలకు, ఎన్నో ఎన్నికల్లో ప్రిసైడింగ్ అధికారిగా పనిచేసిన విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలి జవాబులు)

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది కోనసీమ. ఈసారి మా పిన్ని సర్పంచ్‌గా నిలబడాలనుకుంటోంది. నన్ను ఏజెంటుగా కూర్చోమంటున్నారు. మా వార్డు జాబితాలో కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్లినవాళ్ల పేర్లు చాలా ఉన్నాయి. 2021లో వాళ్లలో కొందరి ఓట్లు పడిపోయాయని ఊళ్లో చెప్పుకుంటారు. అలాంటి దొంగ ఓట్లు నేనెలా ఆపాలి? గట్టిగా మాట్లాడితే గొడవవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: అడగడం నీ పని బాబూ, ఆపడం పీవో, అంటే బూత్ బాధ్యత చూసే ప్రిసైడింగ్ అధికారి పని. ఇది మనసులో పెట్టుకుంటే సగం టెన్షన్ పోతుంది.

అసలు పని ముందు రోజే మొదలుపెట్టు. ఓటర్ల జాబితా ముందేసుకుని ఇంటి నంబర్ల వారీగా చదువు. చనిపోయినవాళ్లు, గల్ఫ్‌లో ఉన్నవాళ్లు, ఊరు వదిలిపోయినవాళ్లు ఎవరో వరుస నంబరుతో సహా ఒక కాగితం మీద రాసుకో. పక్కన మీ వీధి పెద్దావిడ ఎవరినైనా కూర్చోబెట్టుకో. ఎవరి కోడలు ఎక్కడుందో ఆవిడకు తెలిసినంతగా ఏ రికార్డుకూ తెలియదు. పొద్దున్నే ఆ కాగితం పీవో చేతికివ్వు. ఇది ఛాలెంజ్, అంటే వచ్చిన మనిషి అసలు ఓటరు కాదని బూత్‌లో అభ్యంతరం చెప్పడం కిందికి రాదు, రుసుమూ లేదు. ఆ పేర్లతో ఎవరైనా వస్తే సిబ్బంది గుర్తింపు కాగితాలు మరింత జాగ్రత్తగా చూస్తారు. ఇలాంటి జాబితా తెచ్చిన ఏజెంటంటే నాకు ఎప్పుడూ గౌరవమే.

పోలింగ్ మొదలయ్యే ముందే నియామక పత్రంతో చేరుకో. బ్యాలెట్ పెట్టె ఖాళీగా ఉందని చూపించి, పేపర్ సీలు వేస్తారు. ఆ సీలు మీద సంతకం పెట్టే అవకాశం ఏజెంట్లకు ఉంటుంది. వదులుకోకు. సీలు నంబరు రాసుకో.

ఇక ఛాలెంజ్. ఓటరు రాగానే మొదటి పోలింగ్ అధికారి వరుస నంబరు, పేరు పైకి చదువుతారు. నువ్వు లేచి చెప్పాల్సింది అప్పుడే. వేలికి సిరా పెట్టి, కౌంటర్‌ఫాయిల్ (బ్యాలెట్ చించి ఇచ్చాక పుస్తకంలో మిగిలే ముక్క) మీద సంతకం చేయించి, బ్యాలెట్ చేతికిచ్చేశాక ‘ఆమె కాదు, ఆమె కాదు’ అని ఎంత అరిచినా లాభం లేదు. అందుకే సెల్‌ఫోన్ మీద, పక్క ఏజెంటుతో కబుర్ల మీద ధ్యాస పెట్టొద్దు.

ఛాలెంజ్ చేసేవాళ్లు చిన్న రుసుము కట్టాలి. ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికల్లో అది 2 రూపాయలు. పంచాయతీలోనూ నామమాత్రమే. అప్పుడు పీవో అక్కడికక్కడే విచారిస్తారు. మారుపేరుతో ఓటేయడం నేరమని ముందు ఆ వ్యక్తికి హెచ్చరిక చేస్తారు. భారతీయ న్యాయ సంహిత 174వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఛాలెంజ్ ఓట్ల జాబితాలో సంతకమో వేలిముద్రో తీసుకుంటారు. ఆధారం చూపమని ముందు నిన్నే అడుగుతారు, ఆ తర్వాత వాళ్లను ప్రశ్నిస్తారు.

2013 జులైలో నా బూత్‌లో ఒకామె మీద ఇలాగే ఛాలెంజ్ వచ్చింది. చాలా ఏళ్లు కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చిన మనిషి. బాగా చిక్కిపోయింది, జాబితాలో ఫొటోకూ మనిషికీ పోలిక దొరకడం లేదు. ఏజెంటు కుర్రాడు మర్యాదగానే ‘మేడమ్, ఈవిడ ఆవిడ కాదనుకుంటున్నాను’ అన్నాడు. నేను ప్రమాణం చేయించి అడిగాను. మామగారి పేరు, ఇంటి పక్కన ఎవరుంటారు, తన తర్వాత జాబితాలో ఎవరి పేరుండాలి. ఆమె తడుముకోకుండా చెప్పింది. చివరికి సంచిలోంచి పాత పాస్‌పోర్టు తీసింది. ఓటు వేయించాను. కుర్రాడు నిజంగానే అనుమానపడ్డాడు కాబట్టి అతని డబ్బులు అతనికి తిరిగిచ్చాను. కావాలని ఇబ్బంది పెట్టడానికి ఛాలెంజ్ చేస్తే ఆ రుసుము ప్రభుత్వానికి పోతుంది. దొంగ ఓటరని తేలితే మనిషిని పోలీసులకు అప్పగిస్తారు.

ఒకటి బాగా గుర్తుంచుకో. కువైట్ నుంచి ఆ మనిషే వచ్చి నిలబడితే ‘ఊళ్లో ఉండడం లేదుగా’ అని ఆపడానికి వీల్లేదు. జాబితాలో పేరుంటే ఓటుంది. ఆ పేరు అక్కడ ఉండాలా వద్దా అనే అభ్యంతరం జాబితా తయారయ్యేటప్పుడే పెట్టాలి. బూత్‌లో తేలేది ఒక్కటే: ఈ మనిషి ఆ పేరు మనిషేనా? ఛాలెంజ్‌ను వాళ్ల కులం మీదికో, పార్టీ మీదికో మళ్లించే ఏజెంట్లను చూస్తే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. ఒక్కరోజు సెలవు పెట్టుకుని ఓటు కోసం వచ్చిన మనిషిని క్యూ ముందు నిలబెట్టి అవమానించొద్దు.

ప్రశ్న: మాది నారాయణపేట జిల్లా. పుణెలో కూలిపని చేస్తాం. 2025 డిసెంబర్‌లో పంచాయతీ ఓటు వేయడానికి బస్సెక్కి వచ్చాను. బూత్‌లో ‘నీ ఓటు పడిపోయిందమ్మా’ అని పంపేశారు. నా వేలికి సిరా కూడా లేదు. నేనేం చేయాల్సింది?

జవాబు: అమ్మా, మిమ్మల్ని అలా పంపేయకూడదు. మీరే అసలు ఓటరని పీవోకు నమ్మకం కుదిరితే మీకు టెండర్ ఓటు ఇవ్వాలి. అడిగి తీసుకోవాల్సింది. దాని బ్యాలెట్ వెనక టెండర్ ఓటని రాసి ఉంటుంది. మీరు గుర్తు వేసి ఇచ్చాక దాన్ని పెట్టెలో వేయరు, విడిగా కవర్లో పెట్టి సీలు చేస్తారు. ఆ రోజు లెక్కింపులోకి అది రాదు.

‘లెక్కపెట్టని ఓటెందుకు’ అని చాలామంది విసుక్కుంటారు. నేను ఒప్పుకోను. ఫలితం మీద కేసు పడి, తేడా కొద్ది ఓట్లే అయితే, ఆ కవర్ తెరిపించమని అడగొచ్చు. 2008 అసెంబ్లీ ఎన్నికల్లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో కాంగ్రెస్ నేత సీపీ జోషి ఒక్క ఓటు తేడాతో ఓడిపోయారు. అక్కడి టెండర్ ఓట్ల సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పంచాయతీ వార్డులో వందల్లోనే ఓట్లుంటాయి, రెండు మూడు ఓట్ల తేడా మామూలే. ఈసారి ఇలా జరిగితే ‘నాకు టెండర్ ఓటు ఇవ్వండి’ అని ఆ మాటే వాడి అడగండి. అక్కడున్న ఏజెంట్లకు కూడా వినిపించేలా అడగండి.

ప్రశ్న: నేను డిగ్రీ విద్యార్థిని. ఏ అభ్యర్థి తరఫునా కాదు. బూత్‌లో కూర్చుని పోలింగ్ గమనించవచ్చా?

జవాబు: కూర్చోవడానికి వీల్లేదు. లోపలికి సిబ్బంది, అభ్యర్థులు, వాళ్ల ఏజెంట్లు, ఎన్నికల సంఘం అనుమతించినవాళ్లు, ఓటర్లు, చంటిపిల్లలు, చూపు లేనివారికి తోడొచ్చినవాళ్లు మాత్రమే వెళ్లాలి. కానీ ఓటరుగా మీరూ కొంత చూడొచ్చు. వేళ ముగిసేసరికి క్యూలో ఉన్నవాళ్లందరికీ ఓటుంది. తెలంగాణలో మధ్యాహ్నం 1 గంటకు, 2021లో ఆంధ్రప్రదేశ్‌లో 3:30కి ముగించారు. అప్పుడు పీవో సంతకం చేసిన చీటీలు క్యూ చివరి మనిషి నుంచి మొదలుపెట్టి ముందుకు పంచాలి. ముందు నుంచి పంచితే వెనకాల కొత్తవాళ్లు చేరిపోతారు. అలా పంచుతుంటే చెప్పండి. ఫిర్యాదుకు సీ-విజిల్ యాప్ వాడొద్దు, అది కేంద్ర ఎన్నికల సంఘానిది. పంచాయతీలు చూసేది రాష్ట్ర ఎన్నికల సంఘం, అది నియమించిన పరిశీలకులు.

ప్రశ్న: వార్డు మెంబరుగా మూడు ఓట్లతో ఓడిపోయాను. నా ఓట్లు కొన్ని చెల్లవని పక్కన పెట్టారు. స్వస్తిక్ ముద్ర రెండు చోట్ల ఉందన్నారు.

జవాబు: తడి సిరా ఆరకముందే బ్యాలెట్ మడిస్తే ఎదుటి గడిలో కూడా అంటుకుంటుంది. అది రెండో ఓటు కాదు. అద్దంలో చూసినట్టు స్వస్తిక్ చేతులు తిరగబడి కనిపిస్తాయి. అసలు ముద్ర ఏదో, అంటుకున్నది ఏదో అలా తేల్చవచ్చు. అలాంటి ఓటును కొట్టేయకూడదు. కొట్టేసే ప్రతి బ్యాలెట్‌నూ మీ ఏజెంటు అడిగి చూడాలి. రీకౌంటింగ్ కావాలంటే కారణాలతో కాగితం మీద రాసి, ఫలితం ప్రకటించకముందే ఆర్వోకు (ఫలితం ప్రకటించే రిటర్నింగ్ అధికారికి) ఇవ్వాలి. నోటిమాట చాలదు. ఆర్వో ప్రకటించేశాక ఇక అక్కడ చేసేదేమీ ఉండదు, ఎన్నికల ట్రిబ్యునల్‌కే వెళ్లాలి. దానికి గడువు ఫలితం వచ్చిన రోజు నుంచి 30 రోజులు. అది దాటకముందే ఫలితం కాపీ, మీ ఏజెంటు రాసుకున్న లెక్కలు తీసుకుని వకీలు దగ్గరికి వెళ్లండి.