మోకాలి వాపు, పేగు జబ్బు: ఏ రక్తపరీక్షతో తేలుతుంది?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. మా బాబుకు 24 ఏళ్లు. పెద్దపేగులో పుండ్లు, అల్సరేటివ్ కొలైటిస్ అని చెప్తే రెండేళ్లుగా మందులు వాడుతున్నాం. ఈమధ్య విరేచనాల్లో మళ్లీ నెత్తురు పడుతోంది. అప్పటినుంచే కుడి మోకాలు, చీలమండ వాస్తున్నాయి. ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగెటివ్ వచ్చింది, కీళ్లవాతం లేదని పంపేశారు. సీఆర్‌పీ మాత్రం 3.2 నుంచి 38కి పోయింది. ఊళ్లో ఆర్‌ఎంపీ నొప్పి సూది వేస్తే రెండు రోజులు తగ్గి మళ్లీ వస్తోంది. అందరూ ఫ్లోరైడ్ నీళ్ల వల్లే అంటున్నారు. ఏ రక్తపరీక్ష చేయిస్తే సంగతి తేలుతుంది?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు పంపిన జిరాక్సులు చూశాను. ముందు సీఆర్‌పీ (ఒంట్లో వాపును కొలిచే రక్తపరీక్ష) పెరిగిందని టెన్షన్ వదిలేయండి. మొదటి ల్యాబు వాళ్లు డెసిలీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో ఇచ్చారు, రెండో వాళ్లు లీటరుకు ఇచ్చారు. 3.2ను పదితో గుణిస్తే 32. అంటే 32 ఉన్నది 38 అయింది, అంతే. అలాగని 38 తక్కువేం కాదు, చాలా ల్యాబుల్లో 5 లోపు ఉంటేనే నార్మల్ అంటారు. అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఉండే కొలత చూడకుండా రెండు రిపోర్టులు పోల్చకండి. వీలైతే ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించండి.

మీ బాబుది పేగు జబ్బుతో వచ్చే కీళ్లవాతంలా ఉంది. దాన్ని ఇదీ అని తేల్చే రక్తపరీక్ష లేదు. ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ అనే రక్తపరీక్షలు వేరే రకం కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్) కోసం చేసేవి. ఈ రకంలో అవి నెగెటివ్ రావడమే మామూలు. వాచిన మోకాలు ఎదురుగా పెట్టుకుని, కాగితం చూసి వాతం లేదని పంపేయడం నాకు బాధగా ఉంది.

సీఆర్‌పీ, అలాంటిదే ఈఎస్‌ఆర్ పరీక్ష ఒంట్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఉందని చెప్తాయి, ఎక్కడుందో చెప్పవు. పేగు రేగినా, కీలు వాచినా, ఇన్‌ఫెక్షన్ వచ్చినా పెరుగుతాయి. కొందరికి కీలు వాచి ఉన్నా నార్మల్‌గానే ఉంటాయి. పేగు సంగతి విడిగా తెలియాలంటే మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగు వాచినప్పుడు పెరిగే ప్రొటీన్) పరీక్ష మేలు. నెత్తురు పోతోంది కనుక హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ కూడా చూడాలి. వాపు ఉన్నప్పుడు ఫెరిటిన్ దానంతటదే పెరుగుతుంది కాబట్టి అది నార్మల్ ఉంటే ఐరన్ సరిపోయిందని అనుకోవద్దు.

హెచ్‌ఎల్‌ఏ బీ27 అనే జన్యు పరీక్ష నడుము నొప్పి ఉన్నవాళ్లకు, అందులోనూ పొద్దున లేవగానే పట్టేసి తిరిగితే సడలేవాళ్లకు, కొంత ఉపయోగం. మీ బాబుకు నడుము నొప్పి ఉందని మీరు రాయలేదు. లేకపోతే ఆ ఖర్చు ఇప్పుడు వద్దు.

ఫ్లోరైడ్ మాట తీసిపారేయను. మర్రిగూడ, మునుగోడు వైపు వంకరపోయిన కాళ్లు, తిప్పలేని మెడలు నేనూ చూశాను. కానీ ఫ్లోరోసిస్ ఏళ్ల తరబడి మెల్లగా ఎముకలను, కీళ్లను బిగించేస్తుంది. నెత్తురు విరేచనాలు తిరగబెట్టినప్పుడే ఒకటి రెండు పెద్ద కీళ్లు వాయడం దాని తీరు కాదు, పేగు జబ్బు తీరు. ఇంకా అనుమానం ఉంటే ముంజేతికి ఎక్స్‌రే తీయించండి. ఫ్లోరోసిస్ ముదిరితే అక్కడి రెండెముకల మధ్య పొర సున్నం పేరుకుని తెల్లగా కనపడుతుంది.

ఆ నొప్పి సూదులు ఇక చాలించండి. డైక్లోఫెనాక్ లాంటివి పేగును ఇంకా రేపవచ్చు. పేగు మందులు మాత్రం సొంతంగా ఆపొద్దు. పేగు డాక్టరుకు మోకాలు చూపించండి, కీళ్ల డాక్టరుకు కొలనోస్కోపీ రిపోర్టు చూపించండి. ఇలాంటి వాపు చాలామందికి పేగు కుదుటపడితే తగ్గుతుంది. మోకాలు వేడిగా ఉండి చలిజ్వరం వస్తే ఆలస్యం చేయొద్దు, కీలులో నీరు తీసి చీము ఉందేమో చూడాలి. కన్ను ఎర్రబడి, నొప్పి పెట్టి, వెలుతురు చూడలేకపోతే ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, బాబుకు పేగు జబ్బు ఉందని వాళ్లకు చెప్పండి.