విచారణ నివేదికలో కామా కన్నా ముందు చూడాల్సినవి

చి. అమ్మడికి, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన పంటనష్టం నివేదిక చదివాను. కామాలు ఎక్కడ పెట్టాలో చెప్పమన్నావు. తెలుగులో కామాతో తీరే చిక్కులు తక్కువమ్మా, మాటల వరస మారిస్తే తీరేవే ఎక్కువ. ముందు వాటి సంగతి చూద్దాం.

"రైతులందరికీ పరిహారం అందలేదు" అని రాశావు. ఒక్కరికీ అందలేదనా, కొందరికి అంది కొందరికి అందలేదనా? రెండర్థాలూ వస్తాయి. పై అధికారి తనకు అనుకూలమైనది పట్టుకుంటాడు. "64 మందిలో 41 మందికి అందింది, 23 మందికి అందలేదు" అంటే ఇక పేచీ ఉండదు. "గాయపడిన రైతు కొడుకు" కూడా ఇలాంటిదే. దెబ్బ తగిలింది తండ్రికా, కొడుక్కా? ఇక్కడ కామా పెట్టినా లాభం లేదు. "రైతు కొడుకు గాయపడ్డాడు" అని గాయాన్ని వాక్యం చివరికి తీసుకురా.

మూడో పేజీలో "సర్వేయరు రైతు సమక్షంలో తన పొలం కొలిచాడు" అని ఉంది. "తన" మామూలుగా కర్తను పట్టుకుంటుంది. నీ వాక్యం ప్రకారం ఆ పొలం సర్వేయరుది! "రైతు పొలాన్ని ఆయన సమక్షంలోనే సర్వేయరు కొలిచాడు" అని మార్చు.

"సిబ్బంది గ్రామానికి వెళ్లి, రైతులను విచారించి, పంటను పరిశీలించి ఫొటోలు తీయబడినవి." వెళ్లింది, విచారించింది, పరిశీలించింది సిబ్బంది. చివరి క్రియ దగ్గరికొచ్చేసరికి వాళ్లు మాయమయ్యారు. "తీశారు" అంటే చాలు. "వర్షం పడి చేను మునిగింది" అన్నప్పుడు కర్తలు వేరైనా మొదటిది రెండోదానికి కారణం కాబట్టి చెల్లుతుంది. నీ వాక్యానికి ఆ వెసులుబాటు లేదు. ఇలాంటి "వెళ్లి, చేసి"లు మూడు దాటితే వాక్యాన్ని తుంచెయ్. ఆ "బడు" ఆఫీసు రాతకు అంటుకున్న జబ్బు. పని ఎవరు చేశారో దాచడానికి తప్ప దానితో పెద్ద ఉపయోగం లేదు.

"ఇద్దరు కూలీలు, ఏడు మేకలు మృతి చెందారు" అనకు. మనుషులు చనిపోయారు, మేకలు చనిపోయాయి. రెండు వాక్యాలు రాయి.

ఇక కామాలు. "వరి, పత్తి, మిరప" అన్నా సరే, "వరీ పత్తీ మిరపా" అన్నా సరే. దీర్ఘం ఇచ్చాక కామా అక్కర్లేదు, "మరియు" అసలే అక్కర్లేదు. "అని"కి ముందు కామా పెట్టకు. సాక్షి అన్న మాట అక్షరం పొల్లుపోకుండా రాస్తేనే కొటేషన్ పెట్టు. "నీళ్లు ఎప్పుడు వదిలారో తెలియలేదు" అన్నది ప్రశ్న కాదు, ఆఖర్న ప్రశ్నార్థకం తీసెయ్.

"మండలం లో" అని విడగొట్టకు, "మండలంలో" అని కలిపి రాయి. ఫోన్లో టైపు చేస్తే ఈ ఖాళీలు ఎక్కువ పడతాయి. "గ్రామంకు" కాదు, "గ్రామానికి".

అన్నిటికన్నా ప్రమాదం విస్తీర్ణంలో చుక్క. "2.20" అని రాశావు. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు. నువ్వు 2 ఎకరాల 20 గుంటలు అనుకుని రాస్తే అది రెండున్నర ఎకరాలు. ఆంధ్రలో ఎకరానికి 100 సెంట్లు కాబట్టి అక్కడివాళ్లు అదే అంకెను 2 ఎకరాల 20 సెంట్లుగా చదువుతారు. లెక్కలు కట్టే కంప్యూటరూ అలాగే తీసుకుంటుంది. ఒక్క చుక్కతో రైతుకు 30 సెంట్లు, అంటే 12 గుంటలు ఎగిరిపోతాయి. "2 ఎ. 20 గుం." అని విడివిడిగా రాయి. సర్వే నంబర్లలోనూ "112-115" అనకు, "112 నుంచి 115 వరకు" అను. గీత పెడితే మధ్యలో ఉన్న 113, 114 లెక్కలోకి వస్తాయో రావో చదివేవాడి ఇష్టమైపోతుంది.

సవరించిన ప్రతితో పాటు విస్తీర్ణాల పట్టిక కూడా పంపు. ఆ చుక్కలన్నీ ఒకసారి నేనూ చూస్తాను.

పెదనాన్న