పాత వా సౌండ్ కోసం ఏ పెడల్ కొని మాడ్ చేసుకోవాలి?

తమ్ముడూ, నువ్వు అడిగింది నాకు అర్థమైంది. మిర్యాలగూడలో ఒకాయన పాత క్రై బేబీ జీసీబీ-95ని, అంటే కాలితో తొక్కుతూ గిటార్ సౌండ్‌ను 'వా వా' అనిపించే వా పెడల్‌ను, 5 వేలకు ఇస్తానంటున్నాడు. అది కొని లోపలి పార్టులు మార్చుకోవాలా (దాన్నే మాడ్ అంటాం), ఇంకొంత డబ్బు కలిపి కొత్త వోక్స్ వీ847 వా పెడల్ తీసుకోవాలా అని నీ సందేహం. నీకు కావాల్సింది 60ల చివరి రికార్డుల్లో మనిషి గొంతులా పలికే ఆ వా. నేను నల్గొండలో పెళ్లి ఆర్కెస్ట్రాల్లో పన్నెండేళ్లుగా గిటార్ వాయిస్తున్నా. ఇప్పటికి మూడు వా పెడళ్లు విప్పి మార్చుకున్నా. లోపలి బోర్డు బాగుంటే ఆ పాత క్రై బేబీయే తీసుకోమంటాను.

ఎందుకో చెప్తా. మొదటి వా 1966లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని థామస్ ఆర్గన్ కంపెనీలో పుట్టింది. తయారుచేసిన ఇంజినీరు బ్రాడ్ ప్లంకెట్. మరుసటి ఏడు అది క్లైడ్ మెకాయ్ అనే ట్రంపెట్ కళాకారుడి పేరుతో వోక్స్ పెడల్‌గా బజారుకొచ్చింది. క్రై బేబీ కూడా ఆ సర్క్యూట్ నుంచి వచ్చిందే. లోపల సరుకు కొంచెమే: రెండు ట్రాన్సిస్టర్లు, ఒక కాయిల్, ఒక పాట్ (తిప్పితే విలువ మారే రెసిస్టర్), కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు. కాయిల్ విలువ 500 మిల్లీహెన్రీలు, దానికి జోడీ కెపాసిటర్ 0.01 మైక్రోఫారడ్. ఆ రెండింటికీ లెక్క కడితే సుమారు 2,250 హెర్ట్జ్ వస్తుంది. పెడల్‌ను వేళ్ల వైపు పూర్తిగా నొక్కినప్పుడు సౌండ్ ఆ దగ్గర్లో ఉంటుంది. మడమ వైపు దించుతుంటే పాట్ తిరిగి, ఆ కెపాసిటర్ పెద్దదైపోయినట్టు సర్క్యూట్ నడుస్తుంది, సౌండ్ బొంగురుగా దిగుతుంది. అంటే డబ్బా మీద ఏ పేరున్నా సౌండ్‌ను తేల్చేది ఈ నాలుగైదు పార్టులే. అవి మార్చడానికి వీలుగా ఉన్న పెడలే మనకు మంచి పెడల్.

జీసీబీ-95కూ ఆ పాత వాటికీ సౌండ్‌లో తేడా తెచ్చేవి ముఖ్యంగా రెండు. ఒకటి, ఇన్‌పుట్ దగ్గర అదనంగా ఒక ట్రాన్సిస్టర్‌తో బఫర్ (గిటార్ సిగ్నల్ బలహీనపడకుండా కాచే చిన్న సర్క్యూట్) పెట్టారు, పాత వాటిలో అది లేదు. రెండు, వా సర్క్యూట్‌లోని మొదటి ట్రాన్సిస్టర్ ఎమిటర్ అనే కాలు దగ్గర 390 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. అందుకే సౌండ్ కొంచెం పదునుగా, చెవికి గుచ్చుకున్నట్టు వస్తుంది. దాని స్థానంలో 470 గానీ 510 గానీ వేస్తే మెత్తబడుతుంది. కాయిల్‌కు పక్కన ఉండే 33కే (33 వేల ఓమ్‌ల) రెసిస్టర్‌ను 47కే చేస్తే గొంతు ఇంకా పలుకుతుంది. నా దాంట్లో అదే వేశా. 68కే కూడా వేసి చూశా గానీ కీచుమంటుంది, నాకు నచ్చలేదు. ఇక కొత్త వోక్స్ అంటావా, వీ847-ఏ అని వస్తున్న దాంట్లోనూ బఫర్ ఉంది. ఎక్కువ డబ్బు పెట్టినా నీకు బఫర్ తీసే పని తప్పదు.

కొనే ముందు ఆయన ఎదుటే కింది ప్లేటు తీయి. నాలుగు రబ్బరు కాళ్లలోని స్క్రూలు విప్పితే చాలు, వచ్చేస్తుంది. రెసిస్టర్లు కాళ్లతో బోర్డు రంధ్రాల్లోంచి దిగి ఉండాలి. బియ్యపు నూకల్లా బోర్డు మీద అతికించిన చిన్న పార్టులే అంతటా ఉంటే వదిలేయి, ఇంట్లో మార్చడం కష్టం. తర్వాత పాట్ చూడు. దాని ఇరుసుకు ఒక చిన్న పళ్ల చక్రం, దాన్ని తిప్పుతూ పెడల్ నుంచి కిందికి దిగిన పళ్ల పట్టీ ఉంటాయి. పట్టీ పళ్లు అరిగిపోయి ఉంటే కాలు వేసినప్పుడు మధ్యలో జారుతుంది. పళ్లు బాగుంటే పైసా ఖర్చు లేని మాడ్ అక్కడే ఉంది. పాట్ నట్టు వదులు చేసి, చక్రాన్ని పట్టీ నుంచి కొంచెం ఎడం జరిపి, ఒక పన్ను తిప్పి మళ్లీ కలిపి బిగించు. ఒక్క పన్ను తేడాకే సౌండ్ తిరిగే పరిధి మొత్తం కిందికో పైకో జరుగుతుంది. నా రెండో పెడల్‌కు ఒక సాయంత్రమంతా ఇదే చేశా. మడమ వైపు రెండు పళ్లు జరిపితే పైన ఉన్న ఆ కీచు పోయింది. టంకం పెట్టకముందే సగం పని అయిపోయింది.

పాట్ కరకరమంటోందని భయపడకు. మన దగ్గర దుమ్ము ఎక్కువ, కాంటాక్ట్ క్లీనర్ రెండు సార్లు కొట్టి ఇరవై ముప్పై సార్లు తొక్కితే చాలావాటికి పోతుంది. పోకపోతే కొత్తది వేయాలి. ఇక్కడ నేను దెబ్బ తిన్నా. హైదరాబాద్ వెళ్లినప్పుడు కోఠిలో ఒక షాపులో 100కే పాట్ అంటే ఇచ్చారు, తెచ్చి బిగించా. అది మామూలు లీనియర్ పాట్, అంటే తిప్పేకొద్దీ విలువ సమానంగా మారేది. మార్పంతా ఒక కొసకే పోగుపడింది, మిగతా దారిలో పాదం ఎంత కదిపినా ఏమీ తెలియలేదు. ఆ రాత్రి నార్కట్‌పల్లి దగ్గర ఫంక్షన్, వా లేకుండానే వాయించి వచ్చా. వా కోసమే చేసిన టేపర్ (విలువ మారే తీరు) ఉన్న పాట్ అడిగి తీసుకో. రెసిస్టర్లు, కెపాసిటర్లకైతే కోఠి గుజరాతీ గల్లీ బంగారం, పది రూపాయల్లో పని అయిపోతుంది.

కాయిల్ మాత్రం చివర్లో ఆలోచించు. ఫాసెల్, హాలో అని రకరకాలు వస్తాయి, అన్నీ ఖరీదే. ముందు రెసిస్టర్లు మార్చి ఒక నెల వాయించు, ఆ తర్వాత కూడా ఏదో లోటు అనిపిస్తేనే కొను. ఉన్న కాయిల్ బతికే ఉందో లేదో మీటర్‌తో చూడు, ఓపెన్ అయితే రీడింగే రాదు. ఇంకోటి, కాయిల్‌కు ట్రాన్స్‌ఫార్మర్ పడదు. పెద్ద అడాప్టర్‌ను పెడల్ పక్కనే పెడితే గుర్రుమంటుంది, రెండు మూడడుగులు దూరం జరుపు.

టంకానికి 25 వాట్ల ఐరన్ వాడు. నా మొదటి పెడల్ మీద 60 వాట్లది పెట్టి బోర్డు రాగి గీత లేపేశా, దాన్ని వైరు ముక్కతో అతికించుకోవాల్సి వచ్చింది. బఫర్ తీసేయాలంటే మాత్రం వాను ఆన్, ఆఫ్ చేసే బైపాస్ స్విచ్ కూడా డీపీడీటీ (రెండు దారులను ఒకేసారి మార్చే రకం) వేసుకో. లేకపోతే వా ఆఫ్‌లో ఉన్నా ఇన్‌పుట్ సర్క్యూట్‌కే తగిలి ఉండి గిటార్ మెరుపు పోతుంది.

నిజమైన 1967 పెడల్ ఎక్కడైనా దొరికినా దాన్ని విప్పి పార్టులు మార్చకు, అలా ఉంచితేనే దానికి విలువ. 535క్యూ లాంటి నాబ్‌లున్న మోడళ్లు మంచివే, కానీ వాటిలో మార్చాల్సిన అవసరమే తక్కువ.

మిర్యాలగూడ పెడల్ ప్లేటు తీశాక బోర్డు రెండు వైపులా ఫొటోలు తీసి ఇక్కడ పెట్టు. కాయిల్ రంగు, పాట్ వెనక రాసిన అక్షరాలు కనిపించేలా తీయి. ఏ రెసిస్టర్ ఏదో గీతలు గీసి చూపిస్తా.