ఘాత ప్రమేయాలు: ముందు పట్టిక, ఆ తర్వాతే ఫార్ములా

ఎక్స్ స్క్వేర్‌కీ (x²), ఘాత ప్రమేయమైన టూ పవర్ ఎక్స్‌కీ (2^x) పిల్లలు తేడా పట్టుకోలేకపోతున్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. నేను క్లాసులో నిర్వచనం, గ్రాఫ్ రెండూ పక్కన పెట్టి పట్టికతో మొదలుపెడతాను.

బోర్డు మీద రెండు వరసలు రాస్తాను: 3, 5, 7, 9 ఒకటి; 3, 6, 12, 24 ఇంకొకటి. ఒక్కో అడుగుకి ఏం జరుగుతోంది? మొదటిదాంట్లో 2 కలుస్తోంది, రెండోదాంట్లో 2తో గుణిస్తున్నాం. ఈ మాట వాళ్ల నోటి నుంచే రావాలి, మనం తొందరపడి చెప్పేయకూడదు. తర్వాత రెండో వరసలో 3 నుంచి వెనక్కి నడిపించండి: 1.5, 0.75. వెనక్కి వెళ్తే భాగించడమే కదా! రుణ ఘాతాలకి వేరే రూలు బట్టీ పట్టక్కర్లేదు.

అసలు పని అర అడుగు దగ్గర ఉంది. దీనికి ఒక్కో అడుగుకి 4 రెట్లయ్యే ఇంకో వరస తీసుకోండి: సున్నా దగ్గర విలువ 3, ఒకటి దగ్గర 12. మరి అర దగ్గర ఎంత? దాదాపు అందరూ 7.5 అంటారు. తప్పని చెప్పకండి. "అర అడుగులు రెండు వేస్తే ఒక అడుగు. రెండిటికీ ఒకే సంఖ్యతో గుణించాలి, మొత్తం మీద 4 రెట్లు కావాలి" అని వదిలేయండి. కాసేపటికి ఎవరో ఒకరు 2 అంటారు. అంటే అర దగ్గర 6. పవర్ అర అంటే వర్గమూలం ఎందుకో అప్పుడు దానంతటదే తెలిసిపోతుంది. కాగితాన్ని మడిచిన ప్రతిసారీ మందం రెట్టింపవుతుందనే ఉదాహరణ అందరూ చెబుతారు, బాగానే ఉంటుంది గానీ అందులో అర మడత ఉండదు. అందుకే నాకు అంత ఇష్టం లేదు.

మీరు అడిగిన తేడాకి ఎక్స్ స్క్వేర్, టూ పవర్ ఎక్స్ విలువల్ని పక్కపక్కన పట్టికగా రాసి 10 దాకా పొడిగించాలి. 3 దగ్గర ఆపితే 9, 8 వచ్చి స్క్వేరే పెద్దదనిపిస్తుంది. 4 దగ్గర రెండూ 16. 5 దగ్గర 25, 32. 10కి వచ్చేసరికి 100 ఎక్కడ, 1024 ఎక్కడ! పక్కన తేడాల వరస కూడా రాయించండి: స్క్వేర్‌లకి 1, 3, 5, 7 వస్తాయి, టూ పవర్ ఎక్స్‌కి మళ్లీ 1, 2, 4, 8 వస్తాయి.

3, 6, 12, 24 వరసకి ఫార్ములా 3 ఇంటూ టూ పవర్ ఎక్స్. దాన్ని సిక్స్ పవర్ ఎక్స్ అని రాసేవాళ్లు తప్పకుండా ఉంటారు. ఎక్స్ బదులు సున్నా వేయమనండి, ఒకవైపు 3, ఇంకోవైపు 1 వస్తుంది.

ఇవన్నీ కుదిరాక, అదే 3, 6, 12, 24 వరసలో, 3ని సున్నా దగ్గర పెట్టి లెక్కేస్తే, 100 ఎన్నో అడుగులో వస్తుందని అడగండి. అయిదో అడుగులో 96, ఆరో అడుగులో 192. అయిదు దాటి కొంచెం. ఆ కొంచెం ఎంత అని వాళ్లే అడిగితే సంవర్గమానాలు (లాగరిథమ్‌లు) మొదలుపెట్టేయొచ్చు.