ఐర్లండ్‌లో చిన్న ఊరు: ఒంటరితనం సంగతి

మీ శ్రీమతికి మాయో కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) నర్సు ఉద్యోగం వచ్చిందని, మూడు వేల మంది కూడా లేని ఊళ్లో ఎవరూ పలకరించకపోతే ఎలాగని అడిగారు. నేను అదే కౌంటీలోని బాలీహానిస్‌లో ఉంటున్నాను. ఒంటరితనం కన్నా ముందు కారు గురించి ఆలోచించండి. డబ్లిన్ నుంచి వెస్ట్‌పోర్ట్ వెళ్లే రైలు మా ఊళ్లో ఆగుతుంది కానీ అది డ్యూటీ వేళలకు పనికిరాదు. మన లైసెన్సును ఇక్కడ మార్చి ఇవ్వరు. థియరీ పరీక్ష, లెర్నర్ పర్మిట్, శిక్షణ పాఠాలు, చివరికి డ్రైవింగ్ పరీక్ష, అన్నీ మొదటి నుంచీ చేయాల్సిందే. కొత్తవారికి 12 పాఠాలు తప్పనిసరి. మన లైసెన్సు ఉన్నవారు వాటిని తగ్గించమని దరఖాస్తు పెట్టుకోవచ్చు.

పరాయివాళ్లుగా చూస్తారన్న బెంగ మా ఊరి వరకైతే అక్కర్లేదు. 1970లలో ఇక్కడ హలాల్ మాంసం ఫ్యాక్టరీ వచ్చింది, 1987లో మసీదు కట్టారు. 2016 జనాభా లెక్కల్లో ఐరిష్ పౌరసత్వం లేనివారు 39.5 శాతం. దేశంలోని పట్టణాలన్నిటిలో అదే ఎక్కువ. మీరు వెళ్లే ఊరు ఇలా ఉండకపోవచ్చు. మన వంట సరుకులకు గాల్వే నగరం దాకా వెళ్లాల్సి వస్తుందేమో కనుక్కోండి.

ఇక అసలు సంగతి. ఇక్కడి మనుషులకు దగ్గర కావాలంటే చావు పలకరింపులకు వెళ్లండి. వింతగా ఉన్నా నిజం. మా ఊళ్లోనే ఉన్న మిడ్‌వెస్ట్ రేడియోలో పోయినవారి పేర్లు, ఏ పల్లెవారో, చర్చిలో ప్రార్థన ఎన్ని గంటలకో రోజూ చదువుతారు. సహోద్యోగి తండ్రి పోయాడని తెలిస్తే, ఆయన ముఖం మీరు ఎన్నడూ చూడకపోయినా వెళ్లాలి. పిలుపు ఉండదు, మన ఊళ్లలో లాగే. తేడా ఏమిటంటే, మన దగ్గర ఆ ఇంట పొయ్యి వెలిగించరు, వెళ్లినవాళ్లు తిరిగొచ్చి తలస్నానం చేస్తారు. ఇక్కడ శవపేటిక పక్క గదిలో ఉండగానే టీ, శాండ్‌విచ్ చేతిలో పెడతారు. పోయినాయన చిలిపి పనులు చెప్పుకుని పగలబడి నవ్వుతారు కూడా, కంగారుపడకండి. ఇంటివాళ్లతో వరుసగా చేతులు కలిపి ఒక ఓదార్పు మాట చెబితే చాలు. అక్కడ మిమ్మల్ని చూసినవాళ్లు ఆ తర్వాత ఎదురుగా కారులో వస్తూ స్టీరింగ్ మీది నుంచి ఒక వేలు ఎత్తుతారు. ఇక్కడ నమస్కారం అంటే అదే.

పబ్బుకు మందు తాగకపోయినా వెళ్లవచ్చు, ఎవరూ బలవంతపెట్టరు. పిల్లలుంటే ఆటల క్లబ్బులో చేర్పించండి. మైదానం గట్టున వానలో తడుస్తూ నిలబడే తల్లిదండ్రులే మీకు మొదటి స్నేహితులవుతారు. మాది హర్లింగ్ (కర్రలతో బంతిని కొట్టే ఐరిష్ ఆట) ఊరు, కానీ కౌంటీ అంతటికీ గేలిక్ ఫుట్‌బాల్ పిచ్చి. అది చేతులతో కూడా ఆడే ఐరిష్ ఫుట్‌బాల్. మాయో జట్టు ఆల్ ఐర్లండ్ కప్పు చివరిసారి గెలిచింది 1951లో. ఆ ప్రస్తావన మాత్రం మీరు తేవద్దు. వాళ్లే తెస్తారు, అప్పుడు గంటసేపు కూర్చోవడానికి సిద్ధపడండి.